నీటి మధ్య ఖాళీ పూడింది, బురద అంచు మాత్రం మొండికేస్తోంది

హమ్మయ్య, డ్రోన్ ఫొటోలతో చేస్తున్న చిత్తడి నేల మ్యాప్ మధ్యలో ఇన్నాళ్లూ వేధించిన ఖాళీ పూడింది! జమ్ము, తుంగ ఉన్న మేరంతా మొదటి నుంచీ చక్కగానే అతుక్కుంటోంది. లోతు తక్కువ నీళ్ల దగ్గరకొచ్చేసరికే ఆర్థోమొజాయిక్, అంటే ఆ ఫొటోలన్నీ అతికితే వచ్చే ఒకే పెద్ద చిత్రం, చిరిగిపోయేది. ఉల్లంకుల్లాంటి పిట్టలు మేసేది అక్కడి బురద అంచునే. అది లేని మ్యాప్ నాకెందుకు?

మొదట గాలిని అనుమానించాను. అలల్లేని ఉదయం ఎగరేసినా అదే ఖాళీ. ఫొటో మీద ఫొటో పడే మేర (ఓవర్‌ల్యాప్) ముందుకు 85, పక్కకు 75 శాతం చేస్తే ఫొటోలు పెరిగాయి, అంతే. తర్వాత నీటి మీది ఎండ మెరుపును అనుమానించాను. నా డ్రోన్ ఫాంటమ్ 4 ప్రో లెన్స్ మూల నుంచి మూలకు 84 డిగ్రీలు చూస్తుంది, అంటే నడిమి నుంచి 42. కెమెరా నిట్టనిలువుగా కిందికి చూస్తుంటే, సూర్యుడు 48 డిగ్రీల కన్నా కింద ఉన్నంతసేపూ కదలని నీటి మెరుపు ఫ్రేమ్‌లో పడదు. చిన్న అలల కోసం ఇంకాస్త వదిలి, సూర్యుడు 35 డిగ్రీల దగ్గర ఉండగా ఎగరేశాను. మెరుపు పోయింది, ఖాళీ కొంచెం తగ్గింది, పోలేదు. మెరుపు తగ్గించే ఫిల్టర్ పోలరైజర్ మాత్రం ఈ పనికి దండగ. అది బాగా పనిచేసేది నీటిని నిలువుకు 53 డిగ్రీల వాలులో చూసినప్పుడు. నేరుగా కిందికి చూసే కెమెరాకు వెలుతురు తగ్గించడమే మిగులుతుంది.

అసలు చిక్కు ఎత్తులో ఉంది. 60 మీటర్ల నుంచి ఒక ఫొటోలో పట్టేది 90 మీటర్ల వెడల్పు. నీళ్లేమో 140 మీటర్లు. నడిమి వరసల్లో గట్టు ఎక్కడా కనబడదు, అన్నీ కదిలే నీళ్లే. సాఫ్ట్‌వేర్ దేన్ని పట్టుకుని అతకాలి? 100 మీటర్లకు లేపి, నీటి పొడవునా ఎగరేశాను. ఫొటో వెడల్పు 150 మీటర్లయింది, ఏ వరసలో చూసినా ఏదో ఒక గట్టు ఉంది. ఫొటోలు అతికే సాఫ్ట్‌వేర్ వెబ్‌ఓడీఎం పాత సెట్టింగులతోనే అతికేసింది. ఉచితంగా దొరికే వాటిలో నా ఓటు దానికే. ఒక్కో పిక్సెల్‌లో పట్టే నేల 1.6 నుంచి 2.7 సెంటీమీటర్లకు పెరిగింది. మొక్కల హద్దుకు అది చాలు, చిన్న పిట్టల లెక్కకు చాలదు. ఆ లెక్క పిట్టల్ని చూసే దూరదర్శిని, స్పాటింగ్ స్కోప్‌తోనే.

ఇక మిగిలింది బురద అంచు. ఒకచోట రెండు గీతలుగా, దాదాపు 40 సెంటీమీటర్ల తేడాతో వస్తోంది. రెండు గట్ల నుంచి లాగిన అతుకు మధ్యలో వంగుతోందేమో, లేదా తడి బురద మెరుపేమో. ఈసారి పిట్టలు లేని వేళ బురదలో మేకులు దిగ్గొట్టి, తెల్ల పలకలు కట్టి, అవి సరిగ్గా ఎక్కడున్నాయో కొలిచి, అతుకును వాటితో సరిచూస్తాను. టేకాఫ్ మాత్రం దూరం నుంచే. పైనుంచి నిలువుగా మీదికి దిగే డ్రోన్‌కే పిట్టలు ఎక్కువగా బెదురుతాయని 2015లో అచ్చయిన ఒక ఫ్రెంచ్ పరిశోధన తేల్చింది. గూళ్ల కాలం మొదలైతే అసలు ఎగరేయను, కాబట్టి ఈ అంచు సంగతి ఆలోపే తేలాలి.