కాలువ మీది కొబ్బరి దుంగ

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ (బరువు పడితే వస్తువులు ఎలా వంగుతాయో, విరుగుతాయో చెప్పే పాఠం) సూత్రాలను చాలామంది కంఠతా పట్టి పరీక్ష గట్టెక్కుతారు. కోనసీమ పిల్లలకు ఆ అవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పంటకాలువ మీద అడ్డంగా వేసిన కొబ్బరి దుంగే అక్కడ సింప్లీ సపోర్టెడ్ బీముకు, అంటే రెండు చివర్లా ఊరికే ఆనించిన దూలానికి, చక్కని ఉదాహరణ. మనిషి దుంగ నడిమధ్యకు చేరినప్పుడు బెండింగ్ మూమెంట్ (దుంగను వంచే ప్రభావం) గరిష్ఠమై, అతని బరువును దుంగ పొడవుతో గుణించి 4తో భాగించినంత అవుతుంది. అప్పుడు పైపొరలు నొక్కుకుపోతాయి, అడుగుపొరలు సాగుతాయి, నడుమ నొక్కుడూ సాగుడూ లేని న్యూట్రల్ యాక్సిస్ వద్ద బెండింగ్ స్ట్రెస్ (వంపు వల్ల పొరల్లో పుట్టే ఒత్తిడి) సున్నా. కొబ్బరి మానులో గట్టిదనం అంచున, మెత్తదనం లోపల ఉండటం (టేకులో చేవ లోపలే కదా!) వంపును తట్టుకోవడానికి ఎంతో అనువైన అమరిక.

కాలువ వెడల్పు రెట్టింపైతే అదే మనిషికి మూమెంట్ రెట్టింపే అవుతుంది కానీ, మధ్యలో కుంగుబాటు 8 రెట్లవుతుంది. పొడవాటి దుంగ విరగకుండానే ఊగి భయపెట్టేది ఇందుకే.

ఈ లెక్కలు వంటబట్టాక, రాజమహేంద్రవరంలో 1997లో పూర్తయిన కాంక్రీటు ఆర్చి రైలు వంతెనను చూడాలి. అక్కడ నొక్కుడును మోసే ఆర్చి తన రెండు కాళ్లనూ బయటికి నెట్టబోతే, అడుగునున్న గర్డరు వాటిని లాగిపట్టి ఉంచుతుంది కనుక, ఆ అడ్డుతోపు స్తంభాల మీద పడదు.