ఎన్నో క్లాసు?

"ఎన్నో క్లాసు బాబూ?"

గుంటూరు బస్టాండులో ఆటో ఎక్కి బ్రాడీపేట అని చెప్పామో లేదో, డ్రైవరు అద్దంలోంచి అడిగేశాడు. పదమూడేళ్ల మా పెద్దోడు ఈ ప్రశ్నకు ఊరికో జవాబు చెబుతాడు. ఆ రోజు "ఎనిమిది" అన్నాడు. తొమ్మిదేళ్ల చిన్నది మాత్రం ఏదీ దాచదు. "మేం బడికెళ్లం. అమ్మే చెబుతుంది" అనేసింది. ఇక ఇల్లు చేరేదాకా ఆటోవాడు వెనక్కి తిరిగి తిరిగి నన్నే చూడటం. ముందు రోడ్డు చూడవయ్యా అందామనుకున్నా.

రెండేళ్లుగా మా సంసారం ఇంతే. మా ఆయన ఉద్యోగం ల్యాప్‌టాప్‌తోనే కాబట్టి ఏడాదిలో సగం ఊళ్లు తిరుగుతూ, ఆ నెల ఎక్కడుంటే అక్కడే పిల్లలకు పాఠాలు. మా అమ్మకు ఇది సుతరామూ నచ్చదు. రిటైర్డ్ టీచరు మరి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు నిర్బంధ విద్య అని 2009లో చట్టమే వచ్చింది కదే అంటుంది. పద్నాలుగు నిండగానే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి కట్టిస్తానంటాను నేను. పైకి ధైర్యంగానే అంటాను గానీ, రాత్రిపూట నాకూ గుబులుగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఉప్పలపాడు వెళ్లాం. గుంటూరులో పుట్టి పెరిగి, పక్కనే ఉన్న పక్షుల చెరువు చూడటం నాకదే మొదలు. ముందురోజు రాత్రి కూర్చుని నాలుగు పేజీల నోట్సు రాసుకున్నా. బైనాక్యులర్ మాత్రం అమ్మ ఇంట్లో టీవీ పక్కనే ఉండిపోయింది. అక్కడ మొదట తగిలేది కంపు, ఆపైన గోల, ఆ తర్వాతే పక్షులు. నీళ్ల మధ్య చెట్లమీద గూటికి గూడు ఆనుకుని, ఆకు కనబడకుండా ఉన్నాయి. సంచుల్లాంటి ముక్కులు వేలాడేసుకుని గూడబాతులు వరసగా కూర్చున్నాయి. "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి" అని పక్కనెవరో తమ పిల్లలకు చెబుతున్నారు. పక్షి కాస్త పెద్దదైతే చాలు, మనవాళ్లు దానికి సైబీరియా అడ్రసు రాసేస్తారు. ఈ గూడబాతులు మన దేశంలోవే. నీళ్లూ చేపలూ ఎక్కడ దొరికితే అక్కడికి మారుతుంటాయి.

నేను నోట్సు తీసేసరికి పెద్దోడు అప్పటికే ఇంకెటో చూస్తున్నాడు.

"అమ్మా, ఆ కొంగ ముక్కు విరిగిందా?"

అది ఓపెన్‌బిల్ కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. దాని తిండి ముఖ్యంగా నత్తలే. ఇంతవరకూ నా నోట్సులో ఉంది, గర్వంగా చదివాను.

"మరి గూట్లో పిల్లకు సందు లేదేం?"

అది మాత్రం నేను రాసుకోలేదు. చెరువు గట్టున నిలబడ్డ కాపలా ఆయన అందుకున్నాడు. "పుట్టినప్పుడు ఉండదు బాబూ. పెద్దయ్యేకొద్దీ వస్తది. చేలల్లో నత్తలు ఏరుకు తింటాయి ఇవి." గంటసేపు వాడు ఆయన వెనకే తిరిగాడు. ఎన్నో క్లాసని ఆయన ఒక్కసారీ అడగలేదు.

మూడో రోజు బెజవాడ. సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ మీద నడక మొదలెట్టాం. పెద్దోడికి గేట్లు లెక్కపెట్టే పని, చిన్నదానికి అడుగులు. దాని అడుగు టేపుతో కొలిస్తే అరమీటరు. బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. 2446 రావాలి కదా, 2900 దాటింది. ఎందుకే అంటే, "ఐస్‌క్రీమ్ తినేటప్పుడు చిన్నచిన్న అడుగులేశాను" అంది. అంతకంటే మంచి జవాబు ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957కి ఈ బ్యారేజీ వచ్చింది. 2024 సెప్టెంబరు వరదకు 11.43 లక్షల క్యూసెక్కులు దీని మీదుగా పోయాయి. అప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్ దిమ్మలను గుద్దిన సంగతి చెబితే, ఆ దిమ్మలెందుకని అడిగాడు వాడు. గేటు ఒకవైపు, దిమ్మ ఒకవైపు, తక్కెడ లాగే అన్నాను. కాసేపు నీళ్లకేసి చూసి, "ఈ నీళ్లు కాలవల్లోంచి తెనాలి వైపు చేలకు పోతాయి. చేలల్లో నత్తలుంటాయి. అంటే ఈ గేట్లు లేకపోతే నిన్నటి కొంగలుండవా?" అన్నాడు. చెరువులున్నాయిగా, తక్కువుంటాయేమో అన్నాను. ఆ "ఏమో"ని వాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభుడి దగ్గరికి చేరేసరికి ఎండ మండిపోతోంది. మిగిలిన ఒక్క నీళ్ల సీసా కోసం ఇద్దరూ స్వామి ఎదుటే కొట్టుకున్నారు. కొండపల్లి ఆలోచన అక్కడితో మానుకున్నాం.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ చిన్నదాన్ని పదిహేడో ఎక్కం అడిగింది. పదిహేడెనిమిదుల దగ్గర బండి ఆగింది. అమ్మ నావైపు చూసిన చూపు గురించి రాయను. తర్వాత కళ్లజోడు పెట్టుకుని పెద్దోడి నోటుపుస్తకం అందుకుంది.

"గేట్లు 68 ఏంట్రా, 70 కదా?"

"మధ్యలో అమ్మ మాట్లాడించింది అమ్మమ్మా."

ఎర్ర పెన్ను తెప్పించి దిద్దింది. పేజీ తిప్పి కొంగ బొమ్మ దగ్గర ఆగింది. "ముక్కు మధ్యలో ఈ ఖాళీ ఏంటి? సరిగ్గా కలపాలి కదా" అంటూ పెన్ను ఆనించబోయింది.

"ఉండు ఉండు అమ్మమ్మా, అది తప్పు కాదు" అని వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.