అటక మీద రకూన్ కాపురం

ఏప్రిల్ రెండో వారం. రాత్రి రెండింటికి పడకగది పైన ధబ్ ధబ్‌మని నడక. తెనాలి నుంచి వచ్చిన అమ్మ "ఒరేయ్, అటక మీద ఎవరో ఉన్నార్రా" అని లేపింది. మా ఊళ్లో అటకంటే ఇత్తడి బిందెలు పెట్టుకునే చోటు. టొరంటోలో అటకంటే పైకప్పు కింద ఇల్లంత చీకటి గది. అందులో రకూన్ అనే, పిల్లికన్నా కాస్త పెద్ద అడవి జంతువు కాపురం పెట్టింది.

ఇలాంటి జంతువుల్ని ఇళ్లలోంచి బయటికి పంపేవాళ్లని పిలిచాను. మొదట వచ్చినతను బోను పెట్టి పట్టి, ఎక్కడో దూరంగా అడవిలో వదిలేస్తానన్నాడు. పీడా పోతుందని సరేననబోయాను. ఆఫీసులో ఒకాయన ఆపాడు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో అలా పట్టిన జంతువుని 24 గంటల్లోపు, పట్టిన చోటికి కిలోమీటరు లోపే వదలాలట. పైగా వసంతంలో అటక ఎక్కేది చాలావరకు తల్లే. దాన్ని పట్టుకుపోతే పిల్లలు లోపలే ఆకలితో చచ్చి, ఆ కంపు వారాల తరబడి భరించాలి.

రెండో అతను ముందు ఇల్లంతా చుట్టి చూశాడు. రెండు కప్పులు కలిసే మూలలో, చూరు కింది పలక చీల్చుకుని లోపలికి వెళ్లిందట. మేం ఏడాదిగా చూస్తూ కూడా పట్టించుకోని మూల అది. మందపాటి గ్లవ్స్‌తో, చలి ఆపడానికి అటకలో పరిచే ఇన్సులేషన్‌లో చెయ్యి పెట్టి, ఇంకా కళ్లు తెరవని నాలుగు పిల్లల్ని తీశాడు. కన్నానికి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు బిగించి, పిల్లల్ని వెచ్చటి పెట్టెలో పెట్టి ఆ పక్కనే కప్పు మీద ఉంచాడు. అటకకి గాలాడే మిగతా కన్నాలన్నిటికీ ఇనుప మెష్ స్క్రూలతో బిగించాడు.

ఇక చేయాల్సింది ఎదురుచూడటమే. అసలు టెన్షన్ అదే. మొదటి రాత్రి తల్లి బయటికొచ్చి తలుపుని గీరి గీరి వదిలేసింది, పెట్టె జోలికి పోలేదు. అమ్మకి నిద్ర లేదు, "చలికి చస్తాయేమోరా" అని పదిసార్లు కిటికీ దగ్గరికి వెళ్లింది. రెండో రాత్రి ఒక్కో పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని, పైపు పట్టుకుని దిగి, చీకట్లోకి మోసుకుపోయింది. నాలుగు సార్లు. నేనూ లెక్కపెట్టాను.

తలుపు ఇంకో వారం ఉంచి, ఏదీ తిరిగి రాలేదని తేలాక ఆ కన్నమూ మూసేశారు. అటకలో ఒక మూల రకూన్ పెంట కుప్ప. నేనే ఊడ్చేద్దామనుకున్నాను, అతను వద్దన్నాడు. అందులో ఉండే ఒక రకం ఏలికపాము గుడ్లు నోట్లోకి పోతే, వాటిలోంచి వచ్చే పురుగులు మెదడు దాకా వెళ్లొచ్చట. మాస్కులేసుకున్న మనుషులే వచ్చి తీశారు.

జూన్‌లో రెండిళ్ల అవతలాయన కంచె దగ్గర ఆపి, తన షెడ్ కింద రాత్రుళ్లు ఏదో చప్పుడవుతోందన్నాడు. నేను మొహం మామూలుగా పెట్టుకుని ఆ రెండో అతని నంబరిచ్చాను.