గాలి మళ్లేదాకా ఉండే మనిషి

డిస్నీ సంస్థ 1964లో తీసిన ‘మేరీ పాపిన్స్’ పాటల సినిమాను అమెరికాలోని మా ఇంట్లో పిల్లలు ఎన్నోసార్లు చూశారు, వారితో పాటు నేనూ చూశాను. అయినా ఆ కథ అసలు ఎవరిదన్న ప్రశ్న నాకు తట్టింది మాత్రం ఈ వేసవి సెలవుల్లో, తిరుపతి భవానీ నగర్‌లోని మా పుట్టింట్లో, మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూసినప్పుడే. అమ్మకు ఇంగ్లీషు రాదు. పిల్లలకు అవ్వ మాట అర్థమవుతుంది గానీ, జవాబు కాస్త పొడవైతే ఇంగ్లీషులోకి జారిపోతుంది. అందువల్ల సినిమాను మధ్యమధ్య ఆపి, జరిగినది నేను తెలుగులో చెబుతూ, పాటలు వచ్చినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడకుండా చూశాము.

కథ జరిగేది 1910 నాటి లండన్‌లో. తండ్రి జార్జ్ బ్యాంక్స్ బ్యాంకు ఉద్యోగి. ఇల్లు కూడా బ్యాంకులాగే వేళ తప్పకుండా నడవాలన్నది అతని పట్టుదల. తల్లి స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో తిరుగుతూ ఉంటుంది. జేన్, మైకేల్ అనే ఇద్దరు పిల్లలను చూసుకోవడానికి కుదిరిన ఆయాలు ఒకరి తరువాత ఒకరు మానేస్తారు. అప్పుడు గొడుగు పట్టుకుని తూర్పు గాలి మీద మేరీ పాపిన్స్ దిగుతుంది. గాలి మారేదాకానే ఉంటానంటుంది. ఇంతవరకు విన్న మా అమ్మ, “ఆ బిడ్డలకు అవ్వా తాతా ఎవురూ లేరామ్మా?” అని అడిగింది.

నిజంగానే ఆ ఇంట్లో పెద్దవాళ్ల ప్రసక్తే లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు రాని ప్రశ్న ఆమెకు వెంటనే రావడంలో వింత లేదు, ఎందుకంటే మా ఇంట్లో అటువంటి ఖాళీని పూడ్చినది ఆమే. ప్రసవానికి సాయంగా వచ్చే అవ్వకు అమెరికా విమానాశ్రయంలో సాధారణంగా ఇచ్చే గడువు 6 నెలలు. పురిటి స్నానాలు, నూనె మర్దన, సాంబ్రాణి పొగ, ఉగ్గు, జోలపాట అన్నీ ఆ గడువులోనే జరగాలి. బిడ్డ ఆమె భుజం మీద తప్ప మరెక్కడా నిద్రపోని దశకు వచ్చేసరికి తిరుగు ప్రయాణం తేదీ దగ్గరపడుతుంది. మేరీ పాపిన్స్ గాలి మళ్లేదాకా ఉన్నట్లే, మా అవ్వలు గడువు తీరేదాకా ఉంటారు. అవ్వ ఉన్నంతకాలం పిల్లల తెలుగు రోజురోజుకూ బలపడుతుంది. అలిగినా, అడిగినా, అబద్ధం చెప్పినా తెలుగులోనే చేస్తారు. ఆమె విమానం ఎక్కిన కొన్ని వారాలకే అది సన్నగిల్లడం మొదలవుతుంది.

ఈ కథ రాసిన పి. ఎల్. ట్రావర్స్ కూడా పుట్టిన దేశాన్ని వదిలి వెళ్లిన మనిషే. 1899లో ఆస్ట్రేలియాలోని మేరీబరోలో పుట్టి, 1924లో ఇంగ్లండ్ చేరి, 1934లో ఈ వరుసలో మొదటి పుస్తకాన్ని వెలువరించింది. ఆమె తండ్రి బ్యాంకులో పనిచేసేవాడు. మేనేజరు హోదా పోయి గుమాస్తా అయ్యాడు, ఆమెకు ఏడేళ్లప్పుడు చనిపోయాడు. ఆయన పేరులోని ట్రావర్స్‌నే ఆమె తన కలం పేరులో నిలుపుకుంది. పుస్తకంలోని మేరీ పాపిన్స్ సినిమాలో ఆ పాత్ర వేసిన జూలీ ఆండ్రూస్ అంత తియ్యగా ఉండదు. గద్దిస్తుంది, అద్దాల్లో తనను తాను చూసుకుని మురిసిపోతుంది, అద్భుతం జరిగిన మరుక్షణమే అటువంటిదేమీ జరగలేదని దబాయిస్తుంది. పిల్లల్ని ముద్దు చేయకుండానే తన చుట్టూ తిప్పుకునే అటువంటి ఆడవాళ్లను నేను చిత్తూరు జిల్లా ఇళ్లలో చాలామందిని చూశాను, నాకు ఆమే ఎక్కువ ఇష్టం.

సినిమాలో పిల్లలకూ తండ్రికీ గొడవ రెండు పెన్నీల దగ్గర ముదురుతుంది. సెయింట్ పాల్స్ చర్చి మెట్ల మీద ఒక ముసలామె పక్షులకు వేసే గింజల సంచి రెండు పెన్నీలకు అమ్ముతుంటుంది. మైకేల్ తన డబ్బుతో అది కొంటానంటాడు, తండ్రి ఆ డబ్బు బ్యాంకులో వేయమంటాడు. మా అమ్మ ఇప్పటికీ మధ్యాహ్నం తాను తినకముందు పిట్టగోడ మీద కాకులకు అన్నం పెడుతుంది. అందుకేనేమో ఆ పాట వచ్చినప్పుడు పిల్లలు తెరను వదిలి ఆమె వైపు చూశారు. “ఆ పిల్లోడు తన దుడ్డు పక్షులకు పెడ్తానంటే వాళ్ల నాయన ఎందుకు వద్దంటాడు?” అని ఆమె అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అబ్బాయి, “బ్యాంకులో పెడితే అది ఇంకా ఎక్కువ డబ్బు అవుతుంది అవ్వా” అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. “కాకికి ఇప్పుడు గదా ఆకలి” అన్నది. ఆ వాదన చాలాసేపు సాగింది, అంతా తెలుగులోనే.

చిమ్నీలు తుడిచే పనివాళ్ల ఘట్టంలో ఒకచోట నేను కావాలనే ఆపాను. మసి పూసుకున్న ముఖాలను చూసి పొరుగున ఉండే నౌకాధికారి ఆఫ్రికన్లను కించపరిచే మాట ఒకటి అంటాడు. అందువల్లే 2024లో బ్రిటన్ సెన్సారు సంస్థ ఈ సినిమాను అందరూ చూడదగిన ‘యు’ నుంచి, పెద్దల మార్గదర్శకత్వం అవసరమనే ‘పీజీ’కి మార్చింది. ముదురు రంగు చర్మంతో అమెరికాలో పెరుగుతున్న పిల్లలకు ఆ సంగతి దాచకూడదని నా అభిప్రాయం. మసి మాట రాగానే అమ్మ తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఒళ్లంతా బొగ్గు పూసుకునే ‘తోటి’ అనే వేషం గురించి చెప్పింది; అది చూడడానికి మే నెలలో రావాలని పిల్లలు పట్టుబట్టారు గానీ, వాళ్ల బడి సెలవులు అప్పటికి మొదలు కావు.

నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది ముగింపు గురించి. సినిమా చివర తండ్రి ఉద్యోగం పోగొట్టుకుని, చిరిగిన గాలిపటాన్ని బాగుచేసి, పిల్లలతో పార్కుకు వెళ్తాడు. గాలి మళ్లుతుంది, మేరీ పాపిన్స్ వెళ్లిపోతుంది, పిల్లలు తల ఎత్తి కూడా చూడరు. చిలక తల ఉన్న ఆమె మాట్లాడే గొడుగు ఆ మాట ఎత్తిపొడిస్తే, అలాగే ఉండాలి కదా అంటుంది ఆమె. పుస్తకంలో ఇలా జరగదు. పడమటి గాలిలో ఆమె ఎగిరిపోవడం పిల్లలు చూస్తారు. మైకేల్ ఈ లోకంలో తనకు మేరీ పాపిన్స్ తప్ప ఎవరూ వద్దని నేల మీద పడి ఏడుస్తాడు. తండ్రి ఇంటివైపు మళ్లడం మంచిదే, మా ఇళ్లలోనూ అది జరగాలి. కానీ సినిమా ముగింపు తల్లిదండ్రులకు ఊరటనిస్తుందే తప్ప పిల్లల దుఃఖానికి చోటివ్వదు. అవ్వ వెళ్లిన రోజు ఏడ్చే పిల్లల్ని, ఫోనులో రోజూ చూడొచ్చులే అని మేము వెంటనే ఊరుకోబెట్టాలని చూస్తాము. ఆ ఏడుపు ఆమె చాకిరీకి పిల్లలు చెల్లించగలిగిన ఒకే ఒక బాకీ అని, దాన్ని తొందరపెట్టి ఆపే హక్కు మాకు లేదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

అమ్మకు కూడా ఆ ముగింపు కష్టంగా తోచింది. “అంతగా చూసుకున్నామెను పోయిరమ్మని గూడా అన్లేదే!” అని నొచ్చుకుని, ఆమె మళ్లీ వస్తుందా అని అడిగింది. వస్తుందని నా కూతురు చెప్పింది. 1935లో వచ్చిన రెండో పుస్తకంలో ఆమె గాలిపటం దారం పట్టుకుని దిగుతుంది. ఆ పుస్తకం చదివి, మాకు ఆదివారం ఉదయం, అవ్వకు సాయంత్రం అయ్యే వేళలో, వారానికి ఒక అధ్యాయాన్ని తెలుగులో చెప్పే పని ఇప్పుడు అమ్మాయిది. మాట దొరకని చోట అవ్వ అందిస్తుంది. మేరీ పాపిన్స్ తిరిగి రావడం మొదటి అధ్యాయంలోనే ఉంది కాబట్టి, ఆ వారం అవ్వ దాన్ని రెండుసార్లు చెప్పించుకుంది.