చాంబర్లీన్ బొమ్మలు: రెండు అయ్యాయి, మూడోది బల్ల మీద ఉంది

నెవిల్ చాంబర్లీన్‌ని మూడుసార్లు గీయాలని పెట్టుకున్నాను. 1937 మేలో బ్రిటన్ ప్రధాని అయినప్పటి ముఖం ఒకటి, 1938 సెప్టెంబర్ 30న జర్మనీలోని మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని తిరిగొచ్చి విమానం దిగినప్పటిది ఒకటి, 1939 నాటిది ఒకటి. చర్చిల్‌ని అందరూ గీస్తారు. నోట్లో చుట్ట పెడితే సగం పని అయిపోయినట్టే. ఈయనకీ గొడుగు, గుబురు మీసం, రెక్కలు మడిచిన గట్టి కాలర్ ఉన్నాయి. ఇవి ఎంత మోసం చేస్తాయో తర్వాత తెలిసింది.

సరంజామా పెద్దగా ఏం లేదు. 200 జీఎస్ఎం ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు (మందపాటి డ్రాయింగ్ కాగితం), హెచ్‌బీ, 2బీ, 6బీ పెన్సిళ్లు (వీటిలో 6బీ అన్నిటికంటే మెత్తన, నలుపు), కడ్డీ చార్‌కోల్, గట్టి నల్ల చార్‌కోల్, ముద్దలా నలిపే రబ్బరు, పాత బనీను గుడ్డ.

రోజు 1 నుంచి 4. 1937 ఫొటోని దగ్గర్లోని షాపులో ఏ4 మీద ప్రింట్ తీయించాను. దాని మీద ఒకటిన్నర సెంటీమీటర్ల గళ్లు గీసి, షీటు మీదికి ఎక్కించాను. తల ఎత్తు 18 సెంటీమీటర్లు, వెడల్పు 12 వచ్చింది. కాస్త పొడుగ్గా అనిపించింది కానీ, ఎలాగూ ఆయనది కోలముఖమే కదా, సన్నని మెడ కదా అని సరిపెట్టుకున్నాను. నాలుగో రోజు కోటు గుండీ దగ్గరికొచ్చేసరికి అది గుండ్రంగా రాలేదు, కోడిగుడ్డులా వచ్చింది. రెండోదీ అంతే. అప్పుడు కంప్యూటర్లో ఫొటో కొలతలు చూశాను: 800 బై 1000. అంటే ఎత్తు వెడల్పుకి 1.25 రెట్లు. ఏ4 కాగితంలో అది 1.41. షాపులో కాగితం నిండా సరిపోయేలా సాగదీసి కొట్టేశారు. ముఖం పదమూడు శాతం పొడుగైంది. 18 ఉన్న తల 16 దగ్గర ఆగాలి. నాలుగు రోజుల పని చెత్తబుట్టలోకి పోయింది. ఇప్పుడు ప్రింట్ చేతికి రాగానే ముందు గుండ్రంగా ఉండాల్సిన వస్తువేదైనా ఉందా అని వెతికి, స్కేలు పెట్టి అడ్డంగా, నిలువుగా కొలుస్తున్నాను.

రోజు 9. మళ్లీ గీశాను. ఈసారి కొలతలన్నీ కుదిరాయి. అమ్మ వచ్చి చూసి, "ఏరా, ఈయనకి పంటినొప్పా?" అంది. నవ్వొచ్చింది కానీ మాట నిజం. కనుబొమల లోపలి కొసలు పైకి లేపేశాను, కళ్ల కింద చీకటి పెట్టేశాను. ఫొటోలో అవేవీ లేవు. పదవిలోకి అప్పుడే వచ్చిన, తన పని తనకి తెలుసనుకునే మనిషి ఉన్నాడు అక్కడ. అంతకుముందు ఆర్థికమంత్రిగా బడ్జెట్లు నడిపినవాడు, బర్మింగ్‌హామ్‌కి మేయర్‌గా చేసినవాడు. 1939 సెప్టెంబర్ 3న జర్మనీ మీద యుద్ధం ప్రకటించాల్సి వస్తుందని నాకు తెలుసు, ఆయనకి తెలియదు. నాకు తెలిసిందంతా నా 6బీ పెన్సిల్ ఆయన ముఖం మీద రాసేసింది.

దానికి ఒక ఉపాయం దొరికింది. ఫొటోని తలకిందులు చేసి, కనుబొమలు ఉన్న గళ్లు తప్ప మిగతాదంతా కాగితంతో మూసేశాను. అప్పుడు అది చాంబర్లీన్ కాదు, ఒక వంపు గీత మాత్రమే. లోపలి కొస అర సెంటీమీటర్ దిగింది, నొప్పి పోయింది.

ఇంకో పరీక్ష మీసం, కాలర్ మూసి చూడటం. మొదటిసారి మూసినప్పుడు మిగిలినవాడు ఎవరో రిటైరైన లెక్కల మాస్టారు. పోలికంతా ఆ రెండింట్లోనే ఉండిపోయింది. ముక్కు వంపు, కొంచెం ముందుకొచ్చే కింది పెదవి సరిచేశాకే మాస్టారు వెళ్లిపోయారు.

రోజు 14 నుంచి 22. హెస్టన్ విమానాశ్రయం బొమ్మ. లండన్‌కి పడమర ఉండేది. అప్పటికి ఆయనకి 69 ఏళ్లు, రెండు వారాల్లో హిట్లర్ కోసం మూడుసార్లు జర్మనీకి విమానమెక్కాడు. రెండు దేశాలూ ఇక యుద్ధానికి దిగకూడదని కోరుకుంటున్నాయంటూ ఇద్దరూ సంతకం చేసిన కాగితాన్ని మైకుల ముందు పైకెత్తి చూపించిన క్షణం ఇది. ఇందులో ముఖం ఐదు సెంటీమీటర్లే. బొమ్మకి కేంద్రం కాగితం. దాన్ని గీయకూడదు, షీటు తెలుపునే వదిలేసి చుట్టూ ఆకాశాన్ని బూడిదరంగు చేయాలి.

ఈ బొమ్మ మొదలెట్టిన మూడో రోజు అరచేయి ఆ తెలుపు మీదే పడింది. అదృష్టం, కోటు కోసం వాడిన గట్టి నల్ల చార్‌కోల్ అక్కడ అంటలేదు, కడ్డీ చార్‌కోలే అంటింది. రబ్బరు ముద్దని రుద్దకుండా అద్దుతూ పోతే పది నిమిషాల్లో లేచొచ్చింది. గట్టిదైతే మచ్చ ఉండిపోయేది. అప్పట్నుంచి చేతికింద బటర్ పేపర్ ముక్క లేకుండా కూర్చోవడం లేదు. వానలకి షీటు మెత్తబడి ఆకాశం మచ్చలు మచ్చలుగా పట్టింది కానీ, లండన్ ఆకాశం కాబట్టి వదిలేశాను.

ఈ బొమ్మలో చిరునవ్వు దగ్గర చాలాసేపు ఆగాను. ఆ సాయంత్రం వీధుల్లో జనం నిజంగానే జేజేలు కొట్టారు. వెటకారంగా గీయడం తేలిక, పెదవి కొస ఒక్క మిల్లీమీటర్ లాగితే చాలు. లాగలేదు.

రోజు 27, నిన్న. 1939 బొమ్మ. మార్చి 15న జర్మన్ సైన్యం చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోకి వెళ్లింది, మూడు రోజులకి ఆయనకి డెబ్బై నిండాయి. ఎంతో ముసలితనం కనబడుతుందనుకున్నాను. 1937 ఫొటో పక్కన పెట్టి కొలిస్తే ఎముకల్లో తేడా ఏం లేదు. చెంప ఎముక కింద గుంట కాస్త లోతైంది, అంతే. దానికి 6బీ వద్దు, హెచ్‌బీని పక్కకి వంచి మూడు పొరలు వేస్తే సరిపోయింది.

ఎడమ చెవి, కాలర్ కింద నీడ మిగిలాయి. చార్‌కోల్ రాలకుండా బొమ్మ మీద కొట్టే ఫిక్సేటివ్ డబ్బా అడుక్కి వచ్చింది, కొత్తది కొనేదాకా హెస్టన్ బొమ్మని బటర్ పేపర్ కప్పి బీరువా మీద బల్లపరుపుగా పెట్టాను.