సంక్రాంతి సెలవుల్లో ఆర్‌ఎక్స్ 100కు ఇంట్లోనే రంగు వేసిన అనుభవం

మా నాన్నగారు 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ను ఈ సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయీ నేనూ కలిసి ఇంటి వసారాలోనే విప్పి, నలుపు తీసేసి నెమలి నీలం రంగు వేసి, సీటు మార్పించి, మళ్ళీ రోడ్డెక్కించాము. కొత్త రంగు నమోదైన ఆర్సీ నిన్ననే చేతికి వచ్చింది. వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న మా కోనసీమ పల్లెలో ఈ పనికి పూనుకున్నప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇంటి దగ్గర బండికి రంగు వేసుకోదలచినవారికి అది తెలియాలని వెంటనే రాస్తున్నాను.

ముందుగా మేము ముట్టుకోనివి చెబుతాను. 98 సీసీల ఆ టూ-స్ట్రోక్ ఇంజను జోలికి పోలేదు. సైలెన్సర్ లోపల శబ్దాన్ని అణచే బాఫిల్ పీకేసి ఊరంతా దద్దరిల్లేలా తిరిగే కుర్రవాళ్ళను చూసి మా అబ్బాయి కూడా ముచ్చటపడ్డాడు కానీ నేను ససేమిరా ఒప్పుకోలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. వాడు మొదట కోరిన రంగు మిలిటరీ ఆకుపచ్చ. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది ఆ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది కనుక అదీ కుదరలేదు. వెనుక కూర్చున్నవారు పట్టుకునే పిడిని, చీర చక్రంలో పడకుండా కాపాడే గార్డును అందం కోసం తీసేయడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. 123వ నిబంధన ప్రకారం అవి ఉండితీరాలి. ఆడవాళ్ళను వెనుక కూర్చోబెట్టుకుని తిరిగే బండికి నిబంధన లేకపోయినా వాటిని తీయకూడదని నా గట్టి అభిప్రాయం.

బండిని విప్పడం ఒక సాయంత్రం పని. సీటును ఇద్దరు కూర్చునే పొడవు తగ్గకుండా చదునుగా కుట్టించాము, అందులో ఇబ్బందేమీ కలగలేదు. టాంకులోని పెట్రోలు పూర్తిగా తీసి, కడిగి, ఆరబెట్టి, పాత రంగును 80 నంబరు ఉప్పు కాగితంతో రేకు దాకా గీకి, అదే రోజు తుప్పును ఆపే తొలి పూతగా ఎపాక్సీ ప్రైమర్ కొట్టాము. సముద్రపు గాలి, ఉప్పునీటి రొయ్యల చెరువులు ఉన్న మా వైపు వట్టి రేకును ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి తుప్పు పొడ కనిపిస్తుంది. సొట్టలకు లప్పం పెట్టి, 320తో మొదలుపెట్టి 800 వరకు నునుపు చేశాము. ఇంతవరకు అంతా సాఫీగానే సాగింది.

కష్టమంతా రంగు దగ్గర వచ్చింది. పట్నంలోని ఒక రంగుల దుకాణంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగూ, దాన్ని పలచన చేసే థిన్నరూ అడిగితే, యజమాని ఒక డబ్బా చేతిలో పెట్టి ఇంటి పనికి ఇది చాలన్నాడు. దుమ్ము లేవకముందే కానిద్దామని తెల్లవారి మంచులోనే స్ప్రే గన్ పట్టాను. కొట్టినప్పుడు నిగనిగలాడిన నీలం కళ్ళముందే పాలు ఒలికినట్లు తెల్లబారిపోయింది. గీకి మళ్ళీ వేస్తే మళ్ళీ అంతే. టాంకును తువ్వాలులో చుట్టుకుని దుకాణానికి తీసుకువెళ్ళి చూపిస్తే, అతను దాన్ని పైకెత్తి అక్కడున్న పెయింటర్లందరికీ చూపించి, "మేస్త్రులు చేసే పని మేస్త్రులకు వదిలేయాలి మాస్టారూ, ఇది నల్లబల్ల మీద సున్నా చుట్టడం కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెబుతున్న నాకు ఆ మాట ఇప్పటికీ తగులుతూనే ఉంది. కంప్రెసర్‌లో నీరు చేరి ఉంటుందని అతను చెప్పిన ఒకే ఒక్క సలహాను పాటించి, దాని టాంకీలోని నీళ్ళన్నీ వదిలి, గొట్టానికి నీటిని ఆపే ఫిల్టరు బిగించి వేసినా తెల్లదనం పోలేదు.

దారి దొరికింది సైడు ప్యానెల్ వల్ల. కరెంటు పోయిన కారణంగా ఒక ప్యానెల్‌ను మధ్యాహ్నం ఎండలో వేడెక్కాక వేశాము. అదే డబ్బా, అదే గన్, అదే చెయ్యి, అయినా రంగు అద్దంలా నిలిచింది. అప్పుడు నాకు తట్టింది. కూజా చెమర్చి లోపలి నీటిని చల్లబరచినట్లే, వేగంగా ఆవిరయ్యే థిన్నర్ రేకు వేడిని లాగేస్తుంది. చుట్టూ దాళ్వా నాట్లకు నీళ్ళు పెట్టిన చేలు, పక్కన కాలువ, పైన మంచు ఉన్న వేళ గాలి తేమతో నిండి ఉంటుంది కనుక, చల్లబడిన రంగు పొర మీద ఆ తేమ కమ్మి రంగులో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్. రాజమండ్రిలో మరొక దుకాణంలో అడిగితే మారుమాట లేకుండా ఇచ్చారు. తెల్లబారిన చోట దాన్ని పలచగా పొగలా కొడితే, రంగు మళ్ళీ కరిగి, తేమ బయటికి పోయి, నీలం తేటపడింది. తేమ నేలలో రంగులమ్మే మనిషికి ఈ సంగతి తెలియకపోవడం నేరం కాదు. తెలియనప్పుడు కొన్నవాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేయడం మాత్రం నేరమే. ఆ గుమ్మం నేను మళ్ళీ తొక్కను, మీరూ డబ్బా కొనేముందు రిటార్డర్ సంగతి అడిగి, జవాబును బట్టి దుకాణాన్ని ఎంచుకోండి.

అప్పటినుంచి మంచు పూర్తిగా విడిచాక, రేకును ఎండలో వెచ్చబరచి, పొద్దు వాలకముందే ముగించాము. ఎన్‌సీ రంగు పెట్రోలు చుక్క పడితే పాడవుతుంది కనుక, నీలం బాగా గట్టిపడ్డాక పైన పీయూ (పాలీయురెథేన్) క్లియర్ అనే పారదర్శక పూత వేయాలి. ముందు ఒక రేకు ముక్క మీద పరీక్షించి, మొదటి పొరలు పలచగా వేస్తే కింది రంగు ముడత పడదు. పీయూను గట్టిపరచడానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మూతికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోండి, పిల్లలను ఆ దరిదాపులకు రానీయకండి. చివరికి 2000 నంబరు కాగితంతో తడిపి రుద్ది పాలిష్ పెడితే, కొబ్బరాకు ఈనెలు టాంకు మీద లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. పట్నం మేస్త్రి పని కంటే ఇది మిన్న అని నేను ధైర్యంగా చెప్పగలను.

ఆర్సీలో రంగు నమోదై ఉంటుంది కనుక మార్పును రవాణా కార్యాలయంలో రాయించక తప్పదు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి అయిదేళ్ళకొకసారి చేయించిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, హరిత పన్ను రసీదు, బీమా, కాలుష్య పత్రం అన్నీ వెంట ఉంచుకున్నాను. అక్కడి గుమాస్తా పాత బండికి ఇంత హంగు ఎందుకని విసుక్కున్నా, ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు సరిచూసి సంతకం చేశారు. మేము ఛాసిస్ నంబరు మీద రంగు పడకుండా టేపు అంటించాము, మీరూ అంటించండి. కొత్త ఆర్సీ నకలు బీమా కంపెనీకి ఈ రోజే పంపాను. మా అబ్బాయి స్నేహితుడి బండి టాంకు ఫాల్గుణంలో మా ఇంటికే వస్తోంది, దాన్ని మధ్యాహ్నం ఎండలోనే వేస్తాము.