ఆల్కహాల్‌లో ఈస్ట్ శ్వాసను కొలిచిన నా అనుభవం

ఈస్ట్ గాలి అందని చోట గ్లూకోజ్‌ను విడగొట్టి ఇథనాల్ (ఆల్కహాల్), కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. తాను తయారుచేసిన ఆ ఇథనాలే చుట్టూ పేరుకుంటే దాని శ్వాసక్రియ ఏమవుతుంది? డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను తీసుకున్న ప్రశ్న ఇదే. తగ్గుతుందని పాఠంలో చదివాను. ఎందుకు తగ్గుతుందన్నదే నన్ను పట్టుకుంది.

ఐదు నాళికలు, ఒక్కోదాంట్లో 20 మి.లీ. ద్రవం. గ్లూకోజ్, ఈస్ట్ అన్నిట్లో సమానం. ఇథనాల్ మాత్రం 0, 5, 10, 15, 20 శాతం. గాలి సోకకుండా పైన ద్రవ పారఫిన్ పొర, బిగుతైన రబ్బరు బిరడా, వెలువడే వాయువును కొలవడానికి దానికి గాజు సిరంజి. అన్నీ 35 డిగ్రీల వాటర్ బాత్‌లో. ఐదు నిమిషాలకోసారి సిరంజి రీడింగ్ రాసుకోవడమే పని.

మొదటి రోజు రీడింగులన్నీ పారేయాల్సి వచ్చింది. పోలిక కోసం మరిగించి చంపిన ఈస్ట్‌తో ఆరో నాళిక కూడా పెట్టాను. దాని సిరంజి కూడా కదిలింది! చచ్చిన ఈస్ట్ శ్వాసించదు కదా. చూస్తే, నాళికలో మిగిలిన గాలి వేడికి వ్యాకోచించి సిరంజి ముషలకాన్ని (లోపల జరిగే కడ్డీని) నెట్టింది. అప్పటినుంచి నాళికలను పది నిమిషాలు వేడి పట్టనిచ్చాకే సిరంజి తగిలించాను. ఆ ఆరో నాళిక లేకపోతే తప్పుడు అంకెలతోనే గ్రాఫు గీసేవాణ్ణి.

రెండో పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. 20 మి.లీ.లో 10 శాతం రావాలంటే 96 శాతం ఇథనాల్ సుమారు 2.1 మి.లీ. చాలు. దాన్ని నేరుగా ఈస్ట్ మీదే పోశాను. కలిసేలోపు చుక్క పడిన చోట గాఢత విపరీతంగా ఉంటుంది, అక్కడి కణాలు చనిపోతాయి. 5 శాతం నాళిక కూడా దాదాపు స్తంభించడంతో అనుమానం వచ్చింది. ఇథనాల్‌ను ముందు చక్కెర ద్రావణంలో బాగా కలిపి, ఈస్ట్‌ను చివర వేశాక అంకెలు కుదురుకున్నాయి. 5 శాతంలో వాయువు కొంచెం తగ్గింది, 10లో సగం కంటే తక్కువకు పడింది, 15లో నామమాత్రం, 20లో ఏమీ లేదు.

ఇక్కడే అసలు సందేహం మొదలైంది. కణాలు చచ్చాయా, నెమ్మదించాయా? సిరంజికి రెండూ ఒకటే. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూశాను. బతికున్న కణం ఆ రంగును పోగొడుతుంది, చచ్చినది నీలంగా మిగిలిపోతుంది. 20 శాతంలో ఎటు చూసినా నీలమే. 10 శాతంలో మాత్రం ఎక్కువ కణాలు రంగు లేకుండా ఉన్నాయి. వాటిని కడిగి కొత్త గ్లూకోజ్ ద్రావణంలో వేస్తే మళ్లీ వాయువు వదిలాయి. అవి చావలేదు, నిలదొక్కుకోవడానికి పెనుగులాడుతున్నాయి. ఆ రోజు ల్యాబ్ నుంచి కదలబుద్ధి కాలేదు.

ఎందుకన్నది మా మేడమ్‌తో కూర్చుని చదివాను. ఇథనాల్ కణం చుట్టూ ఉన్న ప్లాస్మా పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తుంది. బయటి ప్రోటాన్లు లోపలికి కారతాయి. వాటిని బయటికి తోడెయ్యడానికి ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) ఖర్చవుతుంది. అవాయు శ్వాసక్రియలో ఒక గ్లూకోజ్ అణువుకు నికరంగా దక్కేది రెండే ఏటీపీలు. పైగా పొర చెడడంతో గ్లూకోజ్ లోపలికి రావడమూ మందగిస్తుంది. రాబడి తగ్గేవేళకే ఖర్చు పెరుగుతుందన్నమాట.

"పొరను గట్టిచేసుకునే ఎర్గోస్టెరాల్ తయారీకి ఆక్సిజన్ కావాలి. నువ్వేమో పైన పారఫిన్ పోశావు కదా" అన్నారు మేడమ్. ఆ మాటతో చివరి ప్రయోగం పుట్టింది. ఒక ఈస్ట్‌ను రాత్రంతా షేకర్ మీద గాలి తగిలేలా పెంచాను, ఇంకోదాన్ని మూత బిగించి. తెల్లారి కణాలు లెక్కపెట్టి, రెండింటినీ సమాన సంఖ్యలో 10 శాతం ఇథనాల్‌లో వేశాను. గాలి తగిలి పెరిగిన ఈస్ట్ సిరంజే ముందు కదిలింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే ముందుంది.